చొక్కాకు కనిపించని చోటు

నమోదు 411. నాలుగో నీడ, తూర్పు ద్వారం. బయట ఎండ 52.

ద్వారం కాపలా వాళ్లు రోజూ నమోదు రాయాలని నియమం. ఎవరెవరు బయటికి పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరి చొక్కా కూసింది, తలుపు సందుల్లో ఇసుక తుడిచానా లేదా. దీన్ని పై ఆఫీసులో ఎవరూ చదవరని నాకెప్పుడో తేలిపోయింది. పోయిన ఏడాది ఒక వారమంతా ఇసుక సంగతి మానేసి మా పక్కింటాయన గురక సంగతి రాశాను. ఒక్కరూ పలకలేదు. కాబట్టి ఇకమీద నాకు రాయాలనిపించిందే రాస్తాను. నా పేరు కుళ్ళాయమ్మ. ఇసుక తుడిచాను.

వచ్చే వారం కొత్త చలువ చొక్కాలు పంచుతారట. ఇప్పుడున్నవి మరీ పాతబడ్డాయి. చేతుల్లేని కోటులా ఉంటాయి, లోపలంతా సన్నటి నీళ్ల గొట్టాలు. మా కాలనీ అంతటి మీదా ఒకటే కప్పు, అందుకే నీడ అంటాం. చొక్కా లేకుండా పగటిపూట ఆ కప్పు దాటిన మనిషి తిరిగి రాడు. గొట్టాలు ఒంటికి ఆనుకుని ఉండాలి. ఎక్కడైనా మధ్యలో ఖాళీ వచ్చిందంటే చొక్కా కూస్తుంది. చొక్కా కూస్తే ద్వారం తెరుచుకోదు. తాళం నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. నేను పేరుకే కాపలా. కూతలు విని రాసుకోవడమే నా ఉద్యోగం.

మూడేళ్ల కిందట నా కుడి రొమ్ము తీసేశాక, మొదటిసారి ఇదే ద్వారం దగ్గర నా చొక్కా కూసింది. వెనకాల పెద్ద వరుస ఉంది. రొమ్ములో క్యాన్సర్ ఉందని చెప్పిన రోజు కూడా నాకు అంత చావాలనిపించలేదు. అప్పుడు వరుసలోంచి ఓబుళమ్మ అనే పెద్దావిడ వచ్చి నన్ను పక్కకు లాగింది. తన చొక్కాలో చెయ్యి పెట్టి ఒక గుడ్డ మూట బయటికి తీసి, నా చొక్కాలో దోపింది. ఆమెకు ఎడమ రొమ్ము లేదని నాకు అప్పుడే తెలిసింది.

"సజ్జలు లేమ్మా. దూది పెడితే అణిగిపోతాది, బియ్యం పెడితే గుచ్చుకుంటాది. ఇది పెట్టుకుని పో. నేను రేపు పోతాలే" అంది.

ఆ రోజు నుంచి ఆమె నాకు ఓబక్క.

నమోదు 414. ఎండ 51. ఇసుక తుడిచాను.

మధ్యాహ్నం కాపలా గదిలో మా గుంపు కూడింది, రొమ్ము తీయించుకున్నవాళ్లం. కాలనీలో మమ్మల్ని మూటలోళ్లు అంటారు. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు. పేరు బాగానే ఉందని మేమే ఉంచేసుకున్నాం.

ఈ రోజు కొత్తగా షంషాద్ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. కుట్లు ఈ మధ్యే మానాయి. పైట రెండు చేతులతో పట్టుకుని మూలన కూర్చుంది, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. కళ్లు మూసుకుని స్నానం చేస్తున్నానని చెప్పింది. నేనైతే ఇప్పటికీ గోడ వైపు తిరిగి స్నానం చేస్తాను, ఆ గదిలో నేను తప్ప ఇంకెవరూ లేకపోయినా. మూడేళ్లుగా నా ఒంట్లో సగాన్ని నేను చూడలేదు. ఈ గుంపులో వాళ్లు మాత్రం చూశారు.

"సిగ్గుపడేదానికి ఈడ ఎవురి దగ్గరా సామాను పూర్తిగా ల్యా" అంది ఓబక్క, తన రవిక విప్పుతూ. కొత్తగా వచ్చినవాళ్లకు ముందు పెద్దవాళ్లు చూపించాలి, అది మా పద్ధతి.

షంషాద్ చాలాసేపు ఆ మచ్చ వంక చూసింది. చంక కిందనుంచి మధ్య ఎముక దాకా సాగిన తెల్లటి గీత.

"నొప్పి పోతాదా అక్కా?"

"నొప్పి పోతాది. దురద పోదు. లేనిచోట దురద పెడతాది. గోకుదామని చెయ్యి పెడితే ఆడ ఏముండాది, మన్ను!"

షంషాద్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఓబక్క ఊరుకోమనలేదు, నీళ్ల చెంబు దగ్గరికి జరిపి పెట్టింది.

తర్వాత అందరం మా మూటల కుట్లు విప్పి, తలా ఒక పిడికెడు సజ్జలు షంషాద్ మూటలో పోశాం. ఇదీ ఓబక్క పెట్టిందే. కొత్త సజ్జలు గరుగ్గా ఉంటాయట, ఒంటి మీద నలిగినవైతే పచ్చి కుట్టుకు మెత్తగా ఉంటాయట. మా మూటల్లో తగ్గినంత మేర కొత్తవి పోసుకుని కుట్టేసుకున్నాం. షంషాద్ మూట దోపుకుని లేచి నిలబడింది. నడక ఒక పక్కకు ఒరగడం మానేసింది. గది చుట్టూ రెండుసార్లు నడిచి చూసుకుంది. ఆ పిల్ల మొహం చూసి నాకు చాలా సంతోషమైంది. రాసుకోకుండా ఉండలేకపోతున్నాను.

నమోదు 421. ఎండ 54.

కొత్త చొక్కాలకు నోరు కూడా ఉంది.

పోయిన ఎండల్లో ఐదో నీడ బయట ఎవరో నడుస్తూ నడుస్తూనే స్పృహ తప్పారట. పాత చొక్కాలు పసిగట్టలేదట, వాటిని వెనక్కి తీసేసుకున్నారు. అందుకని కొత్త చొక్కా ద్వారం దగ్గరే కాదు, దారి పొడుగునా ఒంటి మీద ప్రతి చోటా వేడి నెత్తురు ఆడుతోందో లేదో తడుముతుంది. సజ్జల్లో నెత్తురు ఎక్కడ ఆడుతుంది?

ముందు షంషాద్ నిలబడింది. చొక్కా కూసింది. కూసి ఊరుకోలేదు, తేనె పూసిన ఆడగొంతుతో చెప్పింది: "కుడి ఎదలో ప్రాణం కనిపించలేదు. దయచేసి నీడలోకి వెళ్లండి." మళ్లీ చెప్పింది. పిల్ల పక్కకు తప్పుకునేదాకా చెబుతూనే ఉంది. వరుసలో ఒక మగవాడు నవ్వాడు. వాడి పేరు ఇక్కడ రాయాలని చెయ్యి పీకుతోంది గానీ, వాళ్లమ్మ మంచిది.

తర్వాత నాకూ అదే అయింది. కుడి ఎదలో ప్రాణం కనిపించలేదు. నాకు పనేం లేదు బయట, ఊరికే చూద్దామని నిలబడ్డాను. ఓబక్కకు మాత్రం పని ఉంది.

ఓబక్కకు పోయిన ఏడాది జబ్బు తిరగబెట్టింది. ఎముకల్లోకి పాకింది. వారం వారం ఆరో నీడ వైద్యశాలలో మందు ఎక్కిస్తేనే అది ముందుకు పోకుండా ఆగుతుంది. అక్కడి యంత్రాలు ఎండ కరెంటుతో నడుస్తాయి, కాబట్టి పగలే వెళ్లాలి. అరగంట నడక. రోగుల బండి ఉంది గానీ అది మంచం దిగలేని వాళ్లకే. ఓబక్క కర్ర పట్టుకుని నడుస్తోంది కదా, అదే ఆమె చేసిన నేరం.

"ఎడమ ఎదలో ప్రాణం కనిపించలేదు" అంది చొక్కా.

"నాకూ కనిపించక ఏడేండ్లాయె. తలుపు తీయవే" అంది ఓబక్క దానితో. అందరూ నవ్వారు. తలుపు తీయలేదు. ఆమె కర్ర తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది. వరుస ముందుకు జరిగింది. నేను నా బల్ల దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాను.

నమోదు 424. ఎండ 54. ఇసుక తుడవలేదు.

చలువ ఆఫీసు నుంచి పురుషోత్తం అనే ఆయన వచ్చాడు. నేను పంపిన ఫిర్యాదులకు జవాబు చెప్పడానికట. మంచినీళ్లిస్తే మొత్తం తాగాడు, మర్యాదస్తుడే.

"మీ గుంపు ఇబ్బంది మా దృష్టికి వచ్చిందమ్మా. ఆ భాగం విషయంలో..."

"ఏ భాగం సార్?"

"అదే... పై భాగం."

"రొమ్ము అనండి సార్. మీ చొక్కా వరుసంతా వినబడేటట్టు అరిచి చెప్తాండాది, మీకేం సిగ్గు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పాపం అనిపించలేదు నాకు. ఒక్క చోటు వదిలెయ్యమని చొక్కాకు చెప్పలేరా అని అడిగాను. చెప్పలేమన్నాడు. "ఎడమ వైపు గుండె ఉంటుంది కదమ్మా. అక్కడ చూడొద్దని చెబితే, రేపు నిజంగా గుండె ఆగినా చూడదు. అప్పుడు ఎవరు బాధ్యులు?"

పెంపుడు కండ పెట్టించుకోమన్నాడు. మన ఒంట్లోంచే చిటికెడు తీసి, తొట్టిలో పెంచి, రొమ్ములా చేసి అతికిస్తారు. దాంట్లో నెత్తురు ఆడుతుంది. "మీరు మళ్లీ మామూలుగా అయిపోతారు" అన్నాడు. ఇప్పుడు ఎలా ఉన్నామంటే ఖాళీ గ్లాసు నా చేతికి తిరిగిచ్చాడు.

నాకు పెడతారు. మళ్లీ కత్తి కిందికి పోవాలంటే నాకు భయం, అంతే, గొప్ప కారణమేం లేదు. షంషాద్‌కు ఏడాది ఆగాలి. ఓబక్కకు మాత్రం ఎప్పటికీ పెట్టరు. జబ్బు తిరగబెట్టిన ఒంట్లో కండను పెంచే మందు పడితే జబ్బూ దాంతోపాటే పెరుగుతుందట.

ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే, చెప్పినదాంట్లో ఒక్క మాటా తప్పు పట్టలేకపోయాను. నాకు దానికే ఎక్కువ మండింది.

నమోదు 428. ఎండ 55.

ఓబక్కకు రెండో వారం మందు కూడా తప్పింది. ద్వారం దగ్గరికి రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. బీరకాయలు చెక్కు తీస్తోంది. నాకూ రెండిచ్చింది.

నమోదు 430. ఎండ 53.

ఒక దారి దొరికింది. ఎవరికీ తెలివితేటలు పుట్టి దొరకలేదు, సిగ్గు వల్ల దొరికింది.

షంషాద్ పొద్దున మళ్లీ ద్వారం దగ్గర నిలబడింది. చొక్కా కూసింది, గొంతు మొదలైంది. వరుసలో ఆమె మామగారున్నాడు. ఆ పిల్ల తట్టుకోలేక చొక్కా చంక సందులోంచి చెయ్యి లోపలికి దూర్చి, ఆ చోటు మూసేసుకుంది. గొంతు సగం మాటలో ఆగిపోయింది. ద్వారం తెరుచుకుంది. షంషాద్ బెదిరిపోయి బయటికి వెళ్లకుండా లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, చెయ్యి! చెయ్యి పెడితే గమ్మునైపోయినాది!"

అరచేతిలో వేడి ఉంది, నెత్తురు ఆడుతోంది. చొక్కాకు అంతే కావాలి. ఎవరిదని అడగదు.

మధ్యాహ్నం గదిలో అందరం మూటలు తీసేసి, చొక్కాలు తొడుక్కుని సాధన చేశాం. మా వరకు పర్వాలేదు. ఓబక్కతోనే వచ్చింది చిక్కు. ఆమె కుడిచేతిలో కర్ర ఉండాలి, ఎముకల నొప్పికి కర్ర లేనిదే అడుగు పడదు. ఎడమచెయ్యి ఆపరేషన్ అయినప్పటి నుంచి నీరు దిగి దిమ్మలా వాచి ఉంటుంది, మడవడానికి రాదు. కాబట్టి ఇంకొకరు చెయ్యి పెట్టాలి. నేను పెడతానన్నాను. ఆమె ఎడమ పక్కన నిలబడి, వాచిన చెయ్యి నా భుజం మీద వేయించుకుని, నా కుడిచెయ్యి ఆమె చొక్కాలోకి దూర్చాను. నా ఎడమచెయ్యి నా చొక్కాలో ఉండాలి కదా, లేకపోతే నాది కూస్తుంది. ముక్కు మీద దురద పుట్టినా గోక్కోవడానికి చెయ్యి లేదు.

"ఇద్దరినీ కలిపినా ఒక మనిషికి కావాల్సినవి ల్యావు" అంది ఓబక్క. షంషాద్ నవ్వలేక కింద కూర్చుండిపోయింది.

నమోదు 435. ఎండ 54.

ఈ రోజు వెళ్లొచ్చాం. ద్వారం తెరుచుకున్నప్పుడు వెనకనుంచి గుంపంతా ఓ అని కేకలేశారు, పెళ్లికూతుర్ని సాగనంపుతున్నట్టు.

బయట ఇసుక తెల్లగా మండిపోతోంది. ఓబక్క కర్ర వేస్తుంది, నేను అడుగు కలుపుతాను. చెమట కళ్లలో పడుతుంటే ఆమె తన పైట కొంగుతో నా మొహం తుడిచింది, కర్ర చంకలో పెట్టుకుని, ఆగి. మళ్లీ నడిచాం. ఆమె కప్పులు లేని ఊళ్లో పుట్టింది. చిన్నప్పుడు వాన వస్తే బయటికి పరిగెత్తేవాళ్లమని చెప్పింది. లోపలికి కాదా అన్నాను. కాదంది.

సగం దారిలో నా అరచేతికి ఏదో తగిలింది. మొదట చొక్కా కుట్టు అనుకున్నాను. చెయ్యి కొంచెం జరిపాను. కుట్టు కాదు. ఆమె మచ్చ నాకు బాగా తెలుసు, మూడేళ్లుగా చూస్తున్నదే. ఆ గీత పక్కనే, చర్మం కింద, శనగగింజంత. గట్టిగా ఉంది. దాని చుట్టూ వేడిగా ఉంది.

నా నడక మందగించి ఉంటుంది.

"తగిలినాదా" అంది ఓబక్క.

"ఎప్పటినుంచి అక్కా?"

"మందు తప్పిన రెండో వారం నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం జేస్తావ్, ద్వారం పగలగొడతావా? నడువు, కాళ్లు కాలతాండాయి."

నేను చెయ్యి తీయలేను, తీస్తే కూస్తుంది. పెట్టి ఉంచితే అది అరచేతికి తగులుతూనే ఉంటుంది. అలాగే ఆరో నీడ దాకా నడిచాను. ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

డాక్టరమ్మ చూసింది. వేలితో చుట్టూ నొక్కి చూసింది. మందు మారుస్తానంది. "దీనికి ఒక్క వారం కూడా తప్పకూడదు. ఎలాగైనా రండి" అంది. ఎలాగైనా అంటే ఎలాగో ఆమెకు చూపించాం. ఆమె కాసేపు మా ఇద్దరి వంక చూసి, కిటికీ వైపు తిరిగింది.

నమోదు 442. ఎండ 56.

రెండోసారి వెళ్లొచ్చాం. గింజ ఇప్పుడు ఒకటి కాదు. మచ్చ పొడుగునా లేచాయి, చర్మం ఎర్రగా ఉబ్బింది. ముట్టుకుంటే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. కొత్త మందు పనిచేయడానికి కొంత సమయం పడుతుందని డాక్టరమ్మ అంది. నేను తల ఊపాను. నా అరచేతికి తెలిసింది నాకు తెలియకుండా పోతే బాగుండునని దారంతా అనుకున్నాను.

గుంపులో ఎవరికీ చెప్పొద్దంది ఓబక్క. "షంషాద్ ఇప్పుడిప్పుడే కండ్లు తెరిచి స్నానం చేస్తాంది" అంది.

నమోదు 449. ఎండ 55.

రాసి పక్కన పెట్టేద్దామని కూర్చున్నాను. చెయ్యి సాగడం లేదు.

పొద్దున కాపలా అప్పగించి నేను చొక్కా తొడుక్కుంటున్నాను. ఓబక్క అప్పటికే తయారై ద్వారం ముందు నిలబడింది. షంషాద్, ఇంకో ఇద్దరు సాగనంపడానికి వచ్చారు. నేను బొత్తాలు పెట్టుకుంటూనే, వస్తున్నా అక్కా, ఆగు అని అరిచాను. నేను ఇంకా పది అడుగుల దూరంలో ఉన్నాను. నా చెయ్యి ఆమె చొక్కాలో లేదు. ఎవరి చెయ్యీ లేదు.

"అన్ని చోట్లా ప్రాణం ఉంది. శుభ ప్రయాణం" అంది చొక్కా.

ద్వారం తెరుచుకుంది.

షంషాద్ చప్పట్లు కొట్టింది. "అక్కా! కూయల్యా! ఆ ఆఫీసాయన బాగు చేయించినాడు చూడు!" అంటూ ఓబక్కను పట్టుకుని ఊపేసింది. మిగతా ఇద్దరూ అరిచారు. షంషాద్ ఉరుక్కుంటూ పోయి తన చొక్కా తెచ్చి తొడుక్కుంది. చేతులు రెండూ పైకెత్తి, చూడండి అన్నట్టు నవ్వుతూ ద్వారం ముందు నిలబడింది.

"కుడి ఎదలో ప్రాణం కనిపించలేదు. దయచేసి నీడలోకి వెళ్లండి."

షంషాద్ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. ఓబక్క వంక చూసింది. ఓబక్క ఎద వంక చూసింది. తర్వాత నా మొహం చూసింది. నా మొహం దాచుకునేంత తెలివి నాకు లేకపోయింది. ఆ పిల్ల చేతులు మెల్లగా దించి, తన చొక్కాలోకి కాదు, తన నోటి మీద పెట్టుకుంది. చొక్కా అరుస్తూనే ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"ఏమే, అట్ల చూస్తాండారేం?" అంది ఓబక్క. "ఇన్నాళ్లకు నేను దాని కండ్లకు ఆనినా. మంచిదే గదా."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు రావొద్దులే కుళ్ళాయీ. ఎండ శానా ఉండాది. ఇంక నీ చెయ్యి పని ల్యా."

"నువ్వు గమ్మున నడువక్కా" అన్నాను.

ఆమె ఎడమ పక్కకు వెళ్లి, వాచిన చేతిని నా భుజం మీద వేసుకున్నాను. నా కుడిచెయ్యి ఆమె చొక్కాలోకి పెట్టాను. చొక్కా ఏమీ అనలేదు, దానికి నేను ఉన్నా లేకపోయినా ఒకటే. లోపల కాలిపోతోంది. ఓబక్క ఒకసారి కళ్లు మూసుకుని, తెరిచి, కర్ర ముందుకు వేసింది.

ఆరో నీడ దాకా నేను చెయ్యి తీయలేదు. తిరిగొచ్చేటప్పుడు కూడా తీయలేదు.